తుండుగుడ్డ కింద ధర

తుమ్ముకీ ఏడుపుకీ తేడా తెలియని చోట నేను చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. గుంటూరు పట్నంబజారు వెనక సందులో ఉండే మిర్చి కమీషన్ కొట్టు అది. లోపలికి అడుగు పెట్టినవాడు ఎవడైనా సరే, ముందు తుమ్మాలి, తర్వాత కళ్ళు తుడుచుకోవాలి, ఆ తర్వాతే వచ్చిన పని చెప్పాలి. అక్కడ నిజంగా ఏడ్చినా ఏమిటని ఎవరూ అడగరు. ఆ సౌకర్యం నాకు తర్వాత బాగానే ఉపయోగపడింది.

మా నాన్న ఆ కొట్లో చిన్న గుమాస్తా. బేరం తెగిన సరుక్కి చీటీలు రాయడం ఆయన పని. చూపు మందగిస్తూ మందగిస్తూ ఒకరోజు దాచేపల్లి రైతు చీటీ సత్తెనపల్లి రైతు చేతికి ఇచ్చేశారు. ఇద్దరూ కొట్టు ముందే తన్నుకున్నారు. షావుకారు గారు మా నాన్నని కోప్పడలేదు, ఇంట్లో కూర్చోమన్నారు. అంతకంటే కోప్పడటమే నయం. "నీకు ఎదిగిన కొడుకుంటే ఆ గద్దె మీద కూర్చోబెట్టేవాణ్ణయ్యా" అన్నారట. కొడుకు ఉన్నాడుగానీ వాడింకా గోలీల వయసులో ఉన్నాడు. ఎదిగినదాన్ని నేనున్నాను, ఎస్సెస్సెల్సీ పాసై, ఆ పాసుని ఏం చేసుకోవాలో తెలియక.

మా నాన్న నాచేత ఒక చీటీ రాయించి పట్టుకెళ్ళారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే కాబట్టి నా రాత అచ్చం ఆయన రాతే. షావుకారు గారు చీటీని అటూ ఇటూ తిప్పి, "రాత నీదే, మనిషే మారుతుంది. సరే, రమ్మను" అన్నారు. అలా చేతిరాత చూసి ఉద్యోగమిచ్చారు. తలరాత ఎవరూ చూడలేదు.

గోడౌన్లో తొడిమలు తుంచేవాళ్ళు, రంగు వెలిసిన తాలుకాయలు ఏరేవాళ్ళు అందరూ ఆడవాళ్ళే. కానీ వాళ్ళు నేల మీద. గద్దె మీద కూర్చున్న ఆడపిల్ల ఆ సందు మొత్తానికి నేనొక్కదాన్నే. నేలకీ గద్దెకీ ఉన్న ఆ జానెడు ఎత్తు చూసుకుని మొదట్లో కొంచెం గర్వపడ్డాను కూడా. మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ గద్దె ఉండాలి. నాకు వేరే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేరు, నాన్నకి ఇక ఏ ఉద్యోగమూ లేదు. ఇది నాకూ తెలుసు, కొట్లో అందరికీ తెలుసు. ముఖ్యంగా పెద్ద గుమాస్తాకి తెలుసు.

పెద్ద గుమాస్తా అంటే బేరాలు తెంచే ఆయన. నుదుట గంధం బొట్టు, భుజాన తుండుగుడ్డ, మొలలో పొడుం కాయ. ఊరంతా మిరప ఘాటుకి ఉచితంగా తుమ్ముతుంటే ఈయన మాత్రం సొంత ఖర్చుతో తుమ్మేవాడు. ఇద్దరు కూతుళ్ళు, పెద్దది నా ఈడుది. "ఆయన" అంటూనే "తుమ్మేవాడు" అని రాస్తున్నానని మీరు గమనించే ఉంటారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కలానికి అంతకంటే మర్యాద రావడంలేదు. పోనీ పూర్తిగా "వాడు" అందామంటే ఆ అలవాటూ లేదు. మధ్యలో ఆగిపోయాను.

ఆ రోజుల్లో మిర్చి ధర నోటితో చెప్పేవారు కాదు. కొనేవాడు, గుమాస్తా ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పేవారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ఎంత, ఏ కణుపు నొక్కితే అర, ఎక్కడ గీరితే పావు, అన్నిటికీ లెక్క ఉంది. గుడ్డ కింద వేళ్ళు కొట్టుకుంటుంటే పైన మొహాలు మాత్రం "ఏంటి, మీవైపు వానలు పడ్డయ్యా?", "మా బావమరిది కూతురికి సంబంధం కుదిరిందండీ" అనుకుంటూ ఉండేవి. ఒక సరుక్కి తెగిన ధర పక్క రైతుకి తెలిస్తే తనకీ అంతే కావాలంటాడు, ఇంకో కొనేవాడికి తెలిస్తే తనకీ అంతకే ఇమ్మంటాడు. అందుకని ధరకి గుడ్డ కప్పేవారు. ఆ సందులో ఆడవాళ్ళ పమిట జారితే చూసేవాళ్ళున్నారుగానీ, ధర మీది గుడ్డ జారితే మాత్రం కళ్ళు మూసుకునేవాళ్ళు. అంత నిష్ఠ.

బేరం తెగాక పెద్ద గుమాస్తా గద్దె దగ్గరికి వచ్చి, చీటీ రాసే మనిషి చేతి మీద అదే గుడ్డ వేసి, అదే పద్ధతిలో ధర చెప్పాలి. మా నాన్న చేతికి అలా ఏళ్ళ తరబడి చెప్పాడు. ఇప్పుడు నాన్న చోట నేను కూర్చున్నాను. మనిషి మారినా పద్ధతి మాత్రం కూర్చున్న చోటునుంచి లేవలేదు. ఆడపిల్ల చెయ్యి కదా అని ఎవరికీ తోచలేదు. తోచినవాడు ఒకడున్నాడు, వాడు బయటికి చెప్పలేదు.

మొదటి పంట కాలం బాగానే గడిచింది. వేళ్ళ లెక్క నేర్పేటప్పుడు బళ్ళో మాస్టారిలాగే నేర్పాడు. "శభాష్, మీ నాన్న చెయ్యే నీకొచ్చింది" అని మెచ్చుకున్నాడు కూడా. రెండో పంటకి ఆ చెయ్యి ధర చెప్పాక కూడా అక్కడే ఉండటం మొదలుపెట్టింది. నేను ధర అర్థమైందని తల ఊపేదాన్ని. వదిలేది కాదు. నా అరచేతిలో బొటనవేలు తిరుగుతూ ఉండేది, అద్దకం వేసేవాడు రంగు పులిమినట్టు. చెమట, పొడుం, తడి. ధర ఎప్పుడో తెగిపోయింది, చెయ్యి మాత్రం ఇంకా బేరమాడుతోంది.

అన్నిటికంటే నాకు అసహ్యమేసింది ఆ చెయ్యి కాదు, మొహం. ఆ మొహంలో ఏమీ ఉండేది కాదు. కళ్ళు ఎర్రబడటం, గొంతు వణకడం అలాంటివేమన్నా ఉంటాయనుకుంటాం కదా. లేవు. గుడ్డ కింద నా చెయ్యి పిసుకుతూ, పైన రైతుతో "ఏరా, ఎద్దుకి కాలు నయమైందా?" అని అడిగేవాడు. ఆ రైతు ఎద్దు సంగతి చెప్పేవాడు. ఈయన శ్రద్ధగా వినేవాడు. ఆ ఎద్దు మీద ఉన్న ధ్యాసలో పాతిక వంతు కూడా నా మీద ఉన్నట్టు కనిపించేది కాదు. మనిషికి కోరిక పుడితే తప్పు చేస్తాడని పుస్తకాల్లో చదివాను. కోరిక లేకుండా తప్పు చేసేవాణ్ణి అప్పుడే మొదటిసారి చూశాను.

మొదట అందరు ఆడపిల్లల్లాగే తప్పు నాలోనే వెతికాను. వాయిల్ చీరలు మానేసి ముతక నేత చీరలు కట్టాను. పూలు మానేశాను. తలకి ఆముదం పట్టించాను. అందం తగ్గించుకోవడం నాకు పెద్ద కష్టం కాలేదు, మొదట్నుంచీ నిల్వ తక్కువే. అయినా ఆ చేతికేమీ తేడా తెలియలేదు. దానికి కళ్ళు లేవు కదా.

నాన్నకి చెప్పాను. అంటే ఎంత చెప్పగలనో అంత. "ఆయన ధర చెప్పేటప్పుడు చెయ్యి తొందరగా వదలడంలేదు నాన్నా" అన్నాను. నాన్న తన అరచెయ్యి తడుముకున్నారు. తర్వాత, "ఆ చెయ్యి నాకు తెలుసమ్మా. ఇన్నేళ్ళు పట్టుకున్నాను. ధర తప్ప ఇంకేమీ చెప్పదు ఆ చెయ్యి" అన్నారు. నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజమే. ఆయనకి చెప్పింది ధరే.

గోడౌన్లో తాలుకాయలు ఏరేవాళ్ళలో పాత గుంటూరు నుంచి వచ్చే సాయిబుల పెద్దమ్మ ఒకావిడ ఉండేది. వాళ్ళాయన ఇళ్ళకెళ్ళి దూది ఏకేవాడు. మధ్యాహ్నం అన్నాలప్పుడు నేను మెట్టు దిగి ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. నేనేమీ చెప్పకముందే ఆవిడే అంది:

"ఏం పాపా, ముసలోడు చెయ్యి చూస్తన్నాడా, జాతకం చెప్తన్నాడా?"

చేతిలో ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేశాను.

"నీకెట్టా తెలుసు పెద్దమ్మా?"

"గుడ్డ మీకు కప్పుతారుగానీ నాక్కాదుగా. కింద కూర్చునేదానికి గుడ్డ కింద ఏముందో కనపడదా?" అని నవ్వింది. "మా దగ్గరికి మాత్రం రాడులే. మావి కారం చేతులు. పొరపాట్న తగిలితే రెండ్రోజులు మండుద్ది. నీవి సిరా చేతులాయె. మెత్తగా ఉంటయ్. నువ్వు కూడా కాస్త గింజలు రుద్దుకో పోయి."

ఇంతకంటే మంచి ఉపాయం లేదనిపించింది. ఆ మధ్యాహ్నమే పండు మిరపగింజలు రెండు చేతులకీ శుభ్రంగా రుద్దుకుని గద్దెక్కాను. ఆయన వచ్చాడు, గుడ్డ కప్పాడు, ధర చెప్పాడు, మామూలుగానే ఆలస్యం చేశాడు. నేను లోపల్లోపల మురిసిపోతూ ఎప్పుడు కేక పెడతాడా అని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. బతుకంతా మిర్చి బస్తాల్లో చెయ్యి పెట్టినవాడి తోలుకి నా పిడికెడు గింజలు ఒక లెక్కా! ఆయన వెళ్ళిపోయాడు. నేనేమో ఆ విజయం కోసం ఎదురుచూసి ఎదురుచూసి అలవాటుకొద్దీ కన్ను నలుపుకున్నాను. తర్వాత సంగతి కొట్టంతా చూసింది. ఇద్దరు పట్టుకుని నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దమ్మ ఒక చేత్తో నీళ్ళు కొడుతూ ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "వాణ్ణి మండించమంటే నువ్వే మండావేందే పిచ్చిమొహమా!" ఆ గొడవ విని పెద్ద గుమాస్తా కూడా వచ్చి, "అయ్యయ్యో, కళ్ళు నలపొద్దమ్మాయ్" అని తన తుండుగుడ్డతో నా కన్ను తుడవబోయాడు. ఆ గుడ్డ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. కొట్లో ఉన్నాను కాబట్టి కొట్టలేకపోయాను.

ఇక మిగిలింది షావుకారు గారు. ఆయన మంచివారే. దేవుడి పటాలకి అగరొత్తులు వెలిగించే సమయం చూసి, నలుగురూ లేనప్పుడు వెళ్ళి చెప్పాను. ఆయన అగరొత్తి తిప్పడం ఆపలేదు.

"ఆయన నీకు తండ్రిలాంటివాడమ్మా."

"నాకు తండ్రి ఉన్నారండీ."

"అదే అంటున్నా. మీ నాన్న స్నేహితుడు. పెద్దవాడు, చెయ్యి నిలకడ తప్పి ఉంటుంది. ఇట్టాంటివి మనసులో పెట్టుకుంటే ఉద్యోగాలు చెయ్యలేం. ఇంట్లో పరిస్థితి చూసుకోవాలిగా మరి?"

చివరి మాట మెత్తగానే అన్నారు. ఆ మెత్తదనం ఎంత గట్టిదో బయటికొచ్చాక తెలిసింది. వెళ్ళిపోవచ్చని ఆయన అనలేదు. ఉండాలంటే ఇదీ ఇందులో భాగమేనని మాత్రం చెప్పారు.

మూడో పంట. ఎండలు ముదిరాయి, సరుకు దిగబడింది. సందు మొదట్నుంచి చివరిదాకా బళ్ళు. అద్దంకి వైపునుంచి కూడా వచ్చారు రైతులు. కొట్టు అరుగు మీద కొనేవాళ్ళు ఒకరి భుజాలు ఒకరు రాసుకుంటున్నారు. నాకు ఆ పొద్దున్నే జ్వరం తగిలినట్టు ఉంది. పెద్ద గుమాస్తా మేలురకం కాయల బేరం ఒకటి తెంచుకుని ఉత్సాహంగా వచ్చాడు. ఆ సీజనుకే పెద్ద ధర. గుడ్డ కప్పాడు. ధర చెప్పాడు. నేను తల ఊపాను. మళ్ళీ ఊపాను. చెయ్యి మణికట్టు దాటి పైకి పాకింది. పైన ఆ మొహం అద్దంకి రైతు వైపు తిరిగి, "ఏం తమ్ముడూ, మీ ఊళ్ళో తిరణాల అయిపోయిందా?" అని అడుగుతోంది.

నేనేమీ ముందుగా అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. అంతమందిలో, గొంతెత్తి, ఆ ధర ఎంతో అంతా స్పష్టంగా చెప్పి, "అర్థమైందండీ! ఇక చెయ్యి వదలండి!" అన్నాను.

అరుగు మీద తుమ్ములు కూడా ఆగాయి.

నేనన్నదాంట్లో రెండు ముక్కలున్నాయి. ఒకటి ధర, రెండోది చెయ్యి. ఆ సందంతా మొదటి ముక్కే విన్నది.

"ఏంటీ? ఎంతా? ఆ కాయలకి అంతిచ్చారా?" అని ఒక రైతు. "మరి నా సరుక్కి అంత తక్కువ చెప్పావేందయ్యా, నాయి తాలుకాయలా?" అని ఇంకొకడు. కొన్న పెద్దమనిషి మొహం కాయకంటే ఎర్రబడింది. "నా బేరం బజార్లో పెడతారా!" అని తన తుండుగుడ్డ దులిపి భుజానేసుకుని దిగి వెళ్ళిపోయాడు. అద్దంకి ఆయన, పాపం, తిరణాల గురించి చెబుదామని నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. "ధర నోటితో చెప్పిందంటరా!" అన్న మాట పక్క కొట్టుకి, అక్కణ్ణుంచి ఆ పక్క కొట్టుకి వెళ్ళింది. జరగకూడని అనాచారం జరిగినట్టు ముసలి గుమాస్తాలు చెంపలేసుకున్నారు. నా రెండో ముక్క నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. దాన్ని ఎవరూ వంగి తియ్యలేదు.

పెద్ద గుమాస్తా మాత్రం గుడ్డ మడత పెట్టుకుంటూ, నిజంగా బాధపడుతున్న గొంతుతో, "ఎంత పని చేశావమ్మాయ్! మీ నాన్న పేరు చెడగొట్టావు" అన్నాడు.

సాయంత్రం షావుకారు గారు నాన్నకి కబురు పంపారు. మా తమ్ముడు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. సరుకు సర్దుకుంటూ ఏరేవాళ్ళు ఇంకా ఉన్నారు, అరుగు మీద ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు కూడా ఉన్నారు. షావుకారు గారు సూటిగా చెప్పారు:

"చూడవయ్యా. పాతికేళ్ళ కొట్టు ఇది. ఇవాళ నవ్వులపాలైంది. మీ అమ్మాయి అందరి ముందూ పెద్దాయనకి నమస్కారం పెట్టి తప్పయిందని చెబితే రేపు పనిలోకి రావచ్చు. లేదంటే గద్దె ఇంకొకరికి ఇస్తాను."

నాన్న నా వైపు తిరిగారు. చూపు లేకపోయినా తిరిగారు. నేను మాట్లాడలేదు. మాట్లాడితే "అలాగే" అంటానేమోనని భయం. ఇంట్లో రేపటికేముందో నాకు తెలుసు.

"చెప్పిస్తానండీ" అన్నారు నాన్న. "దానికి ముందు చిన్న కోరిక. అన్నయ్యా, ఎక్కడున్నావు? ఆ ధర నా చేతికి ఒకసారి చెప్పు."

పెద్ద గుమాస్తా నవ్వాడు. "ఇప్పుడెందుకోయ్? ఊరంతా చాటింపు వేశాక?"

"చెప్పు, పర్లేదు. చాన్నాళ్ళయింది నీ చెయ్యి పట్టుకుని."

నాన్న అరచెయ్యి చాపారు. ఆయన గుడ్డ కప్పాడు. కప్పినంతసేపు కూడా పట్టలేదు, తీసేశాడు. నాన్న ధర బయటికి చెప్పారు. "అదేగా?"

"అదే."

"అయిపోయిందా?"

"అయిపోక?"

"మరి మా అమ్మాయి చేతికి అంతసేపెందుకు పట్టేదబ్బా?"

నాన్న గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. పెద్ద గుమాస్తా పొడుం కాయ తీశాడు, మూత తియ్యలేదు. "ఆడపిల్ల... కొత్తగదా... అర్థమయ్యేదాకా..." అన్నాడు.

గోడౌన్ గుమ్మంలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "మూడో పంటకొచ్చిందయ్యా పాప, ఇంకా కొత్తేంది?"

ఆవిడ వెనక ఎవరో కుర్రపిల్ల, "ఆయనకే ధర గుర్తుండదేమోలే పెద్దమ్మా! ఆ పిల్ల చేతిలో ఎతుక్కుంటన్నాడు!" అంది.

నవ్వు లేచింది. నేల మీద కూర్చునేవాళ్ళ నవ్వు. అది ఆగేలా లేదు. అరుగు మీదున్న కొనేవాళ్ళలో ఒకాయన తుమ్మినట్టు నటించి మొహం తిప్పుకున్నాడు. పెద్ద గుమాస్తా మొహంలో మొదటిసారిగా ఏదో కనిపించింది. సిగ్గనుకుంటారేమో. కాదు, చిరాకు. తనకి చెందినదాన్ని ఎవరో ప్రశ్నించినప్పుడు వచ్చే చిరాకు.

షావుకారు గారు చెయ్యెత్తారు. "చాలు, చాలు. ఆడవాళ్ళతో ఈ గుడ్డ యవ్వారం కుదరదు. రేపట్నుంచి అమ్మాయికి ధర పలక మీద రాసి చూపించు" అన్నారు. నమస్కారం మాట మళ్ళీ ఎత్తలేదు. పెద్ద గుమాస్తాని ఒక్క మాట అనలేదు. తప్పంతా గుడ్డ మీదికి వెళ్ళింది. గుడ్డకి ఉద్యోగం పోయింది, మా ఇద్దరివీ మిగిలాయి.

ఇంటికి వెళ్తుంటే నాన్న నా భుజం పట్టుకుని నడిచారు. బ్రాడీపేట దాటాక, "ఆ చెయ్యి నాకు తెలుసనుకున్నానమ్మా" అన్నారు. "మీకు తెలిసినంతా నిజమే నాన్నా" అన్నాను. ఆయనకి అది ఓదార్పుగా అనిపించలేదనుకుంటాను.

తర్వాత పలక వచ్చింది. పెద్ద గుమాస్తా ధర రాసి చూపించేవాడు. చూపించాక ఉమ్ము తడితో తుడిచేవాడు. నేను నా సొంత పాతగుడ్డ ఒకటి, చిన్న సీసాలో నీళ్ళు తెచ్చుకుని, పలక నా చేతికి తీసుకునేముందు చట్రం కూడా తుడిచేదాన్ని. "మడి ఎక్కువైంది అమ్మాయికి" అని నవ్వేవారు. నవ్వితే నవ్వారు.

కానీ ఆ మనిషి అలా ఎందుకు చేశాడన్నది నన్ను వదలలేదు. ఒంటరివాడా అంటే, రోజూ మధ్యాహ్నం వాళ్ళావిడ స్వయంగా క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా విసనకర్రతో విసిరేది. నన్ను కూడా పలకరించి ఒక అప్పడం ఇచ్చేది. నా మీద మనసు పడ్డాడా అంటే, అదీ అబద్ధమే. నేను ఒక వారం జ్వరంతో రాకపోతే ఎందుకు రాలేదని కూడా అడగలేదు. ఎద్దు కాలు గురించి మాత్రం అడిగేవాడు.

కొంతవరకైనా అర్థమైంది మచ్చు చూసేవాళ్ళ వల్ల. మిర్చి బస్తా మూతి విప్పి అరుగు మీద పెడతారు కదా. వచ్చినవాడల్లా చెయ్యి లోపలికి పోనిచ్చి పిడికెడు కాయలు తీస్తాడు. నలుపుతాడు, వాసన చూస్తాడు, కింద పారేస్తాడు. దాన్ని మచ్చు అంటారు. కొనేవాడే కాదు, కొననివాడూ తీస్తాడు. ఊరికే దారిన పోయేవాడూ తీస్తాడు. ఒకసారి సింగరాయకొండ దగ్గర్నుంచి వచ్చిన కుర్ర రైతు ఒకడు ఓపిక పోయి, "ఏందయ్యా, నువ్వు కొనేవాడివి కాదుగదా, నా కాయలెందుకు నలుపుతావ్?" అని గద్దించాడు. ఆ పెద్దమనిషి చెయ్యి ఇంకా బస్తాలోనే ఉంది. తెల్లబోయాడు. "మూతి విప్పి పెట్టావుగా?" అన్నాడు. అంతే ఆయన కారణం. ఆకలి కాదు, అవసరం కాదు, ఇష్టం కూడా కాదు. మూతి విప్పి ఉంది.

నేను కలం పట్టుకుని వాళ్ళిద్దర్నీ చూస్తూ ఉండిపోయాను. ఇల్లు విడిచి వచ్చి నలుగురిలో గద్దె మీద కూర్చున్న ఆడది వాళ్ళ లెక్కలో మూతి విప్పిన బస్తా. చెయ్యి దానంతటదే వెళ్తుంది. పెట్టేవాడు ఆలోచించడు. చూసేవాళ్ళకి అది బజారు పద్ధతి. ఇంట్లో జరుగుబాటు లేని ఆడపిల్లయితే మరీ మంచిది, బస్తా తిరగబడదు. దీన్ని అర్థం చేసుకోవడం అంటారో లేదో తెలియదు. అర్థమైతే అసహ్యం తగ్గుతుందంటారు. నాకు పెరిగింది. ఆయన కామంతో చేసి ఉంటే కనీసం నన్ను మనిషనుకున్నాడని సర్దుకునేదాన్నేమో.

కొన్నేళ్ళకి పెద్ద గుమాస్తాకి చేతులు వణకడం మొదలైంది. పని మాన్పించి కొట్లో చిన్న సన్మానం చేశారు. పూలదండ, జరీ కండువా, లడ్లు. షావుకారు గారు ఆయన నీతి నిజాయితీల గురించి కాసేపు మాట్లాడారు. ఆయన చేతిలో ఒక్క ధర కూడా ఎప్పుడూ తప్పిపోలేదన్నారు. అది నిజం. వెనకనుంచి పెద్దమ్మ దగ్గు వినిపించింది. మిరప ఘాటు అయ్యుంటుంది.

అందరూ లడ్లు తింటుంటే ఆయన గద్దె దగ్గరికి వచ్చాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి నిజమైనవేనని ఆ కొట్లో ఎవరూ చెప్పలేరు.

"అమ్మాయ్, వెళ్ళొస్తా. ఆ రోజు నువ్వు చేసినదాన్ని నేనెప్పుడూ మనసులో పెట్టుకోలేదు. అప్పుడే క్షమించేశా. చిన్నపిల్లవి" అన్నాడు.

అడక్కూడదనుకున్నాను. అడిగేశాను. "మీరెందుకండీ అలా చేసేవారు?"

"ఏం చేశాను?"

దాపరికం లేదు ఆ కళ్ళల్లో. నిజంగానే వెతుక్కుంటున్నాడు. నా చెయ్యి గురించి ఆయన దగ్గర ఏమీ లేదు. అన్నేళ్ళూ నేను నిద్రలో కూడా కడుక్కున్న చెయ్యి ఆయనకి గుర్తులేదు. కాసేపటికి మొహం వెలిగింది.

"ఆ రోజు సంగతా? ఎందుకు గుర్తులేదు, ఆ ధర ఇప్పటికీ చెప్పగలను" అన్నాడు. చెప్పాడు కూడా, ఒక్క పైసా తప్పకుండా. చెబుతూ అలవాటుగా కుడిచెయ్యి కండువా కిందికి వెళ్ళింది. వేళ్ళు వాటంతటవే ముడుచుకుని నా వైపు కొంచెం జరిగాయి.

నేను పలక తీసి మధ్యలో పెట్టాను. ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ అర్థం కాక నవ్వి, లడ్డూ కోసం వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆయన నన్ను ముట్టుకోలేదు. అయినా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను. అరుగు మీద ఎవరి సరుకో బేరం తెగింది. చీటీ రాయాలి.